అశ్వహృదయము

మహాభారతములోని నలోపాఖ్యానము తెలుగు బాలబాలికలకు సుపరిచితమైన కథ. జూదమున రాజ్యమును కోల్పోయి, అడవిలో భార్యకు దూరమై, తుదకు తన సహజరూపమును సైతము పోగొట్టుకొనిన నలుడు బాహుకుడను పేరుతో అయోధ్యాపతియైన ఋతుపర్ణుని కొలువున చేరెను. ఆ దురవస్థలో అతనికి మిగిలినది ఒక్క విద్య. అదియే అశ్వహృదయము, అనగా గుఱ్ఱముల మనస్సు నెఱిగి వానిని నడపగల నేర్పు. ఆ నేర్పుతోనే అతడు ఋతుపర్ణుని ఒక్క దినములో విదర్భకు చేర్చెను. ఆ విద్యను రాజునకు ఉపదేశించి, అందులకు ప్రతిగా అక్షహృదయమను ద్యూతరహస్యమును గ్రహించెను. భార్యను, రాజ్యమును మరల పొందెను. సర్వమును కోల్పోయిన మనుష్యుడు గుఱ్ఱముల తోడ్పాటుతో తిరిగి తాను తానైన కథ ఇది.

ఇట్టి కథ పురాణములకే పరిమితమైనది కాదు. యుద్ధములలో కాలినో చేతినో కోల్పోయిన సైనికులు, శరీరమున గాయము లేకున్నను మనశ్శాంతిని కోల్పోయిన సైనికులు, గుఱ్ఱముల సాహచర్యమువలన తేరుకొనుట మన కాలములో అనేక దేశములందు కానవచ్చుచున్నది. అమెరికా దేశమున ఈ పద్ధతి మిక్కిలి వ్యాప్తి చెందినది.

యుద్ధము ముగిసిన దినముననే సైనికుని పోరాటము ముగియదు. నిన్నటి వఱకు పర్వతములనెక్కినవాడు, బరువులు మోసినవాడు, పదిమందిని ముందుండి నడపినవాడు నేడు వైద్యశాలలో మంచముపై పరుండియుండును. అతనిని ఒకరు లేవనెత్తవలెను. ఒకరు స్నానము చేయింపవలెను. చక్రముల కుర్చీలో ఒకరు త్రోసికొనిపోవలెను. చూడవచ్చినవారు అతనిపై జాలి చూపుదురు. ఆ జాలి మంచి మనస్సునుండి పుట్టినదే. అయినను అది అతనికి గాయముకంటె ఎక్కువ బాధ కలిగించును. "నా వలన ఇక ఎవరికిని ప్రయోజనము లేదు" అను తలంపు అతని మనస్సున పాతుకొనును.

కంటికి కనబడని గాయము మఱియొకటి కలదు. యుద్ధరంగమునుండి తిరిగివచ్చిన కొందఱు రాత్రులందు నిద్రింపలేరు. తలుపు గట్టిగా మూసిన చప్పుడైనను ఉలికిపడుదురు. జనసమ్మర్దమున నిలువలేరు. ఇంటిలో కూర్చున్నను వారి చూపు ద్వారముపైననే యుండును. భార్యాబిడ్డలతో మాటలాడుటకును వారికి మనస్సు రాదు. మొదటి ప్రపంచయుద్ధ కాలమున దీనిని 'షెల్ షాక్' అనిరి. 1980లో అమెరికా మనోవైద్యులు దీనికి 'పోస్ట్ ట్రామాటిక్ స్ట్రెస్ డిజార్డర్' అను పేరు పెట్టి, ప్రత్యేక వ్యాధిగా గుర్తించిరి. దారుణమైన అనుభవము గడచిపోయిన తరువాతను మనస్సును వీడక పీడించు వ్యాధి అని దాని భావము.

ఈ రెండు విధములైన గాయములకును గుఱ్ఱము ఏమి చేయగలదు? ఈ ప్రశ్నకు లోకము దృష్టిని ఆకర్షించిన సమాధానమును మొదట ఇచ్చినది ఒక సైనికుడు కాదు. డెన్మార్కు దేశమునకు చెందిన లిస్ హార్టెల్ అను వనిత. ఆమె 1921లో జన్మించినది. చిన్ననాటినుండియు గుఱ్ఱపుస్వారీలో ఆరితేరినది. 1944లో, ఇరువదిమూడేండ్ల ప్రాయమున, గర్భవతిగా ఉన్నప్పుడు ఆమెకు పోలియో వ్యాధి సోకినది. కాళ్లు చేతులు పడిపోయినవి. కొంతకాలమునకు చేతులలో బలము తిరిగివచ్చినను, మోకాళ్లకు దిగువ భాగము మాత్రము చచ్చువడి యుండెను. ఆమె ఇక గుఱ్ఱమునెక్కుట కల్ల అని అందఱును తలంచిరి. ఆమె మాత్రము పట్టు విడువలేదు. ఒకరు ఎత్తి జీనుపై కూర్చుండబెట్టగా, కాళ్లతో ఇచ్చు సంజ్ఞలకు బదులు నడుము కదలికతోను, శరీరభారమును ఇటునటు మార్చుటతోను గుఱ్ఱమును నడపుట అభ్యసించినది.

1952లో హెల్సింకి నగరమున ఒలింపిక్ క్రీడలు జరిగినవి. డ్రెస్సేజ్ అను అశ్వవిన్యాస పోటీలో పురుషులతోపాటు స్త్రీలను కూడ పాల్గొననిచ్చుట అదియే మొదటిసారి. లిస్ హార్టెల్ 'జూబిలీ' అను గుఱ్ఱముపై ఆ పోటీలో పాల్గొని రజతపతకమును గెలుచుకొనినది. ఆమె గుఱ్ఱమునుండి తనంత తాను దిగలేదు. స్వర్ణపతకమును గెలిచిన స్వీడన్ దేశపు సైనికాధికారి హెన్రీ సాంసీర్ ఆమెకు చేయూతనిచ్చి బహుమతి వేదిక పైకి చేర్చెను. అంతవఱకు ఆమె కాళ్లకు శక్తి లేదని చూచువారిలో ఎందఱికో తెలియదు. 1956లో జరిగిన ఒలింపిక్ క్రీడలలోను ఆమె మరల రజతపతకమును పొందినది. ఆ యేడు క్రీడలు ఆస్ట్రేలియాలోని మెల్బోర్నులో జరిగినను, ఇతర దేశముల గుఱ్ఱములను అచటికి రానీయని కట్టుబాటుండుటచే అశ్వక్రీడలను స్వీడన్‌లోని స్టాక్‌హోములో జరిపిరి.

నడువలేని మనిషి గుఱ్ఱముపై నడచువారితో సమానముగ పోటీపడగలదని లోకము కన్నులార చూచినది. ఐరోపా ఖండమున వికలాంగులకు గుఱ్ఱపుస్వారీ నేర్పు కేంద్రములు వెలసినవి. 1969లో ఇంగ్లండునందును, అమెరికాయందును ఈ పనికై జాతీయ సంఘములు ఏర్పడినవి. అమెరికాలోని సంఘము తరువాతి కాలమున పేరు మార్చుకొని, గాయపడిన సైనికుల కొఱకు ప్రత్యేకముగ ఒక శాఖను నడపుచు వచ్చినది. 1996లో అట్లాంటా నగరమున జరిగిన పారాలింపిక్ క్రీడలలో వికలాంగుల అశ్వవిన్యాసమునకు స్థానము లభించినది.

గుఱ్ఱపు నడకలోని విశేషమును గ్రహించినచో ఈ చికిత్సలోని మర్మము బోధపడును. మనము నడచునప్పుడు మన కటిభాగము కొంచెము పైకి లేచి క్రిందికి దిగును. కొంచెము కుడియెడమలకు ఒరగును. కొంచెము ముందునకు తిరుగును. నాలుగు కాళ్లతో నెమ్మదిగ నడచు గుఱ్ఱము వీపుకూడ ఇంచుమించు ఇట్లే కదలును. కావున గుఱ్ఱముపై కూర్చున్నవాని నడుము తాను నడువకయే నడకలోని కదలికలనన్నిటిని పొందును. కాలు లేనివాని శరీరమునకు సైతము నడక జ్ఞప్తికి వచ్చును.

అంతియే కాదు. గుఱ్ఱము వేయు ప్రతి అడుగునకును స్వారీ చేయువాని శరీరము కొంచెము తూలును. తూలిన ప్రతిసారియు పొట్ట, వీపు, నడుము కండరములు తమంత తాము బిగిసి అతనిని నిలుపును. అర్ధగంట స్వారీలో ఇది వందల పర్యాయములు జరుగును. వైద్యశాలలోని వ్యాయామశాలయందు ఇదే పనిని లెక్కపెట్టుచు చేయవలసివచ్చినచో రోగి విసిగిపోవును. గుఱ్ఱముపైననో, అది వ్యాయామమను సంగతియే అతనికి స్ఫురింపదు. ఒక కాలు తొడవద్ద తెగిపోయినవాడు మొదట ఒక ప్రక్కకు ఒరిగి కూర్చుండును. భారము ఎటు ఒరిగినదో గుఱ్ఱము కూడ అటే జరుగును. తిన్నగ నడువవలెనన్నచో అతడు తిన్నగ కూర్చుండక తప్పదు. ఇట్లు గుఱ్ఱమే అతనికి గురువగును.

అవసరమునుబట్టి పరికరములును మారును. ఒక చేయి లేనివానికి పగ్గములకు పట్టుకొనుటకు వీలైన ఉంగరములు కుట్టుదురు. కాలితో సంజ్ఞ చేయలేనివాడు సన్నని బెత్తముతో తాకి ఆ సంజ్ఞనిచ్చును. చక్రముల కుర్చీలో వచ్చువానికై గుఱ్ఱపు వీపు ఎత్తునకు సరిపోవునట్లు ఏటవాలు వేదికను కట్టుదురు. ఆరంభదశలో ఒకరు గుఱ్ఱమును ముందునుండి నడపుదురు. ఇద్దఱు ఇరుప్రక్కల నడచుచు పడిపోకుండ చూచుకొందురు. శిక్షకుడు మైదానము నడుమ నిలిచి సూచనలిచ్చును.

ఇక మనస్సునకు తగిలిన గాయము సంగతి. గుఱ్ఱము స్వభావముచే సాధుజంతువు. క్రూరమృగములకు ఆహారమగు జాతిలోనిది. కొమ్ములు లేవు, కోఱలు లేవు. దానికి రక్షణ దాని జాగరూకతయే. కన్నులు తలకు ఇరుప్రక్కల నుండుటచే వెనుకనుండి వచ్చు అపాయమును కూడ చాలవఱకు గమనింపగలదు. చెవులు ఎల్లప్పుడు చప్పుళ్లకై తిరుగుచుండును. వీపుపై కూర్చున్నవాని కండరములు బిగిసినను, ఊపిరి వేగము హెచ్చినను అది వెంటనే పసిగట్టును. అతడు భయపడినచో తానును బెదరును. అతడు నెమ్మదించినచో తానును నెమ్మదించును.

యుద్ధమునుండి తిరిగివచ్చిన సైనికుని స్థితియు ఇట్టిదే కదా! అతడును ప్రతి చప్పుడునకు చెవియొగ్గును. ప్రతి దిక్కునను అపాయమును శంకించును. అట్టివాడు గుఱ్ఱము చెంతకు వచ్చినప్పుడు ఒక వింత జరుగును. గుఱ్ఱమునకు అతని హోదాతో పని లేదు. అతని ఆజ్ఞను లెక్క చేయదు. అతడు నవ్వు పులుముకొనినను మోసపోదు. అది దగ్గఱకు రావలెనన్నచో అతడు నిజముగ శాంతింపవలెను. అందుకై ఊపిరిని నెమ్మదిగ తీయవలెను; భుజములను సడలింపవలెను. అంత గుఱ్ఱము తల వంచి, అతని చేతిని మూతితో స్పృశించును. ఎన్నో మాసములుగ ఎవ్వరిని దగ్గఱకు రానీయనివాడు, ఎవ్వరి దగ్గఱకును పోనివాడు, ఆ జూలుపై చేయి వేసి నిలుచును. యుద్ధములో ఏమి జరిగినదని గుఱ్ఱము అడుగదు. అడుగకపోవుటయే అతనికి మందు.

ఈ చికిత్స గౌరవముతో కూడినప్పుడు ఎంత ఉన్నతరూపమును పొందునో తెలిసికొనవలెనన్నచో వాషింగ్టన్ నగరమునకు ఎదుట, పోటోమాక్ నదికి ఆవలి ఒడ్డుననున్న ఆర్లింగ్టన్ శ్మశానవాటిక కథను వినవలెను. 1864లో ఏర్పడిన ఈ వాటికలో నాలుగు లక్షలకు పైగా సమాధులు కలవు. దేశసేవలో ప్రాణము విడిచిన సైనికులను, సైన్యమున పనిచేసి గతించినవారిని ఇచట ఖననము చేయుదురు. దానికి చేరువనున్న ఫోర్ట్ మయర్ అను సైనిక శిబిరమున మూడవ పదాతిదళమునకు చెందిన ఒక అశ్వబృందము కలదు. పూర్వము ఫిరంగిగుండ్లను మోయుటకై 1918లో తయారుచేసిన బండ్లను ఈ బృందము శవవాహనములుగ వాడుచు వచ్చినది. ఒక్కొక్క బండిని ఆరు గుఱ్ఱములు లాగును. ఆరింటికిని జీనులుండును గాని, ఎడమ వరుసలోని మూడింటిపైననే సైనికులుందురు. కుడివైపు మూడును రౌతులు లేకయే నడచును. కొన్ని వేళల, బండి వెనుక మఱియొక గుఱ్ఱము నడచును. దాని జీనుపై ఎవ్వరు నుండరు. రికాబులలో పాదరక్షలు మాత్రము వెనుకకు తిరిగియుండును. ఇక రాని వీరునకు అది గుర్తు. 1963లో కెనడీ అధ్యక్షుని అంత్యయాత్రలో 'బ్లాక్ జాక్' అను గుఱ్ఱము ఇట్లు నడచినది.

2006లో ఈ శిబిరముననే గాయపడిన సైనికులకు స్వారీ నేర్పు కార్యక్రమము ఆరంభమైనది. నౌకాదళమున కమాండరుగ పనిచేసి విరమించిన మేరీ జో బెక్‌మన్, సైన్యమునుండి విరమించిన లారీ పెన్స్ దీనికి పూనుకొనిరి. ఇరాక్, ఆఫ్ఘనిస్తాన్ యుద్ధములలో అంగములు కోల్పోయినవారు అప్పుడు దగ్గఱలోని వాల్టర్ రీడ్ సైనిక వైద్యశాలలో పెక్కుమంది యుండిరి. 2011లో ఆ వైద్యశాల మూతపడి, దాని పని బెథెస్డాలోని వైద్యశాలతో కలిసిపోయినది. ఈ కార్యక్రమమునకు ఎన్నుకొనిన గుఱ్ఱములేవి? ఆర్లింగ్టన్‌లో వీరుల శవపేటికలను లాగు గుఱ్ఱములే. ప్రక్కన నడచువారెవరు? ఆ శవవాహనములను నడపు సైనికులే.

ఇందులోని ఔచిత్యమును గమనింపవలెను. ఆ గుఱ్ఱములు నిదానముగ నడచుటకు, తుపాకుల చప్పుళ్లకు బెదరకుండుటకు, ఎంతసేపైనను కదలక నిలుచుటకు అలవడినవి. గాయపడినవానిని మోయుటకు అంతకంటె తగిన వాహనము దొరకదు. కాని ఆ సైనికుల మనస్సునకు తాకినది ఇంకొకటి. తమతో పోరాడి నేలకొఱిగిన మిత్రులను తుది మజిలీకి చేర్చిన గుఱ్ఱములే నేడు తమను బ్రతుకువైపు మోయుచున్నవి. గతించినవారిపట్ల దేశము చూపు గౌరవమును, జీవించియున్నవారిపట్ల చూపవలసిన గౌరవమును ఆ వీపులే కలిపి మోసినవి. ప్రక్కన నడచువాడు జాలిపడు పరాయివాడు కాడు. అదే దుస్తులు ధరించిన తోడి సైనికుడు. అతడు చేయి పట్టుకొనుట ఉపకారముగ కాక విధిగ తోచును.

ఇట్టి శిక్షణ జరుగు తీరు ఇది. సైనికుడు మొదట గుఱ్ఱమును శుభ్రపఱచును, మాలీసు చేయును, గిట్టలను ఎత్తి చూచును, జీను బిగించును. కృత్రిమ కాలితో నిలిచి ఈ పనులు చేయుటయే ఒక శిక్షణ. ఇంతకాలము తనకు ఇతరులు సేవ చేయగా, ఇప్పుడు తాను ఒక ప్రాణికి సేవ చేయుచున్నాడు. పిమ్మట వేదికపైనుండి జీనునెక్కును. చక్రముల కుర్చీలో కూర్చుండి ఎవరితో మాటలాడినను తలయెత్తి చూడవలసినవాడు, ఇప్పుడు అందఱిని పైనుండి చూచును. మొదటి దినములలో ముగ్గురు వెంట నడతురు. కొన్ని వారములకు ప్రక్కవారు ఒక్కొక్కరే తొలగుదురు. ఒకనాడు ముందు నడపువాడును పగ్గమును విడుచును. ఐదువందల కిలోల బరువుగల ప్రాణి అతని ఒక్కని ఇష్టముపై నడచును, ఆగును, తిరుగును.

దీని ఫలితములను పండితులు పరీక్షించిరి. మిస్సోరీ విశ్వవిద్యాలయమువారు 29మంది మాజీ సైనికులతో ఆరు వారములు జరిపిన స్వారీశిక్షణ వివరములు 2018లో ప్రకటితమైనవి. మనోవ్యాధి లక్షణములు తగ్గినట్లు వారు కనుగొనిరి. కొలంబియా విశ్వవిద్యాలయపు మనోవైద్యులు స్వారీ లేకుండ, గుఱ్ఱముల చెంత నేలపై నిలిచి చేయు అభ్యాసములను ఎనిమిది వారములు 63మందికి నేర్పి, 2021లో ఫలితములను వెల్లడించిరి. సుమారు సగముమందిలో చెప్పుకొనదగిన మార్పు కనబడినది. అయినను ఇవి చిన్న పరిశోధనలు. కొలంబియావారి పరీక్షలో ఈ అభ్యాసము లేని మఱియొక బృందముతో పోల్చి చూచుట జరుగలేదు. గుఱ్ఱము వైద్యునకు తోడేగాని, వైద్యునకు బదులు కాదు. శస్త్రచికిత్సయు, ఔషధములును, మనోవైద్యుని సలహాయు మానుకొనదగినవి కావు. గుఱ్ఱములన్నచో భయపడువారును, వెన్నెముక మిక్కిలి దెబ్బతినినవారును వైద్యుని అనుమతి లేనిదే దీనికి పూనుకొనరాదు.

మనుష్యునకు మేలుచేయు గుఱ్ఱముపట్ల మనుష్యునకును బాధ్యత కలదు. ఈ పాఠమును ఆర్లింగ్టన్ బృందమే చేదు అనుభవముతో నేర్చుకొనినది. 2022 ఫిబ్రవరిలో ఆ బృందములోని రెండు గుఱ్ఱములు కొలది దినముల వ్యవధిలో మరణించినవి. వానికి మంచి మేతయు, తిరుగుటకు తగినంత చోటును లేవని సైనికాధికారుల విచారణలో తేలెను. తక్కిన గుఱ్ఱములలోను పెక్కింటికి కాళ్లనొప్పులు, వీపునొప్పులు కలవని తెలియవచ్చెను. 2023 మే మాసమున శవవాహనములను నిలిపివేసి, గుఱ్ఱములకు విశ్రాంతియు, చికిత్సయు ఇచ్చి, క్రొత్త జీనులను, క్రొత్త పద్ధతులను ఏర్పఱచిరి. రెండేండ్ల తరువాత 2025 జూన్‌లో ఆ సేవను పరిమితముగ పునరుద్ధరించిరి. ఎందఱో గాయపడినవారిని మోసిన ఆ వీపులకును గాయమగునని గుర్తించుటకు అంతకాలము పట్టినది. వీరులను గౌరవించుటకై నియమించిన ప్రాణిని గౌరవింపనిచో ఆ గౌరవము సంపూర్ణము కానేరదు.

గాయపడిన సైనికునకు దేశము పతకమును ఈయవచ్చును, భృతిని ఈయవచ్చును, సభలో పూలమాల వేయవచ్చును. అవి యన్నియు ఈయదగినవే. కాని అతడు కోరునది మఱియొకటి కలదు. తనను నమ్మి ఒక పని అప్పగింపవలెననియు, తన శక్తిపై ఎవరైనను ఆధారపడవలెననియు అతని హృదయము తహతహలాడును. గుఱ్ఱము చేయునది అదియే. అది జాలి చూపదు. తన వీపును, తన నడకను, తన నమ్మకమును అతని చేతిలో పెట్టును.

మన గ్రామములందును, పట్టణములందును సైన్యమునుండి గాయములతో తిరిగివచ్చినవారు కలరు. వారి యెదుట నిలిచినప్పుడు ఏమి చేయవలెనో ఆ మూగప్రాణి మనకు తెలుపుచున్నది. పోయిన అంగమును చూచి నిట్టూర్చుటకంటె, మిగిలిన శక్తిని చూచి వారిని ఏదేని పనికి పిలుచుట మేలు. నలుడు గుఱ్ఱపు హృదయము నెఱిగి పూర్వవైభవమును పొందెను. మనుష్యుని హృదయము నెఱుగుట ఎట్లో గుఱ్ఱమునుండి మనము నేర్చుకొనవచ్చును.